అవాష్ లోయ ఎవరూ లేని బీడు కాదు

"ఇథియోపియాలో అవాష్ లోయ ఒకప్పుడు ఎవరూ లేని బీడు. డ్యాములు, కాలువలు దాన్ని బంగారం చేశాయి" అనే మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగోసారి వచ్చింది. పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. అందుకే ఓపిగ్గా రాస్తున్నాను.

అందులోనే, కాలువలు తవ్వుతుంటే మనిషి పూర్వీకుల జాతికి చెందిన 'లూసీ' ఎముకలు బయటపడ్డాయట. కాదు. 1974లో ఆ లోయలోని హడార్ దగ్గర శిలాజాల కోసమే వెతుకుతున్నవాళ్లకు దొరికాయి. సముద్రంలో కలిసే నీళ్లను ఆపారట. అవాష్ నది అసలు సముద్రం దాకా పోదు, జిబూతీ సరిహద్దులో అబ్బే సరస్సు దగ్గరే ఆగిపోతుంది.

నాకు కోపం తెప్పించింది "ఎవరూ లేని బీడు" అన్న మాట. అఫార్లు, కర్రయూలు అనే పశువుల కాపరి తెగలు ఒంటెలు, ఆవులు, మేకలతో తరతరాలుగా అక్కడే ఉన్నారు. వాన పడితే మందలను దూరపు మైదానాలకు తోలుకెళ్తారు. అక్కడి గడ్డి ఎండాక ఏటి ఒడ్డుకు వస్తారు. వరద తీసిన నేలలో పచ్చిక ఎండల్లోనూ నిలుస్తుంది. ఆ సన్నటి పట్టీ ఉంటేనే మిగతా మైదానమంతా పనికొచ్చేది. మన గొల్లకురుమలు గొర్రెలతో వలస పోయినప్పుడు వాళ్ల ఇళ్లు ఖాళీగా ఉన్నాయని ఇంకొకరికి రాసిచ్చేస్తామా? అక్కడ అదే జరిగింది. ఎవరి పేరునా లేని మేత భూములు సర్కారువేనని 1955 రాజ్యాంగంలో రాసుకున్నారు. 1960లో ఆ ఏటి మీద కోకా డ్యామ్, 1962లో సర్కారు సంస్థ అవాష్ లోయ అథారిటీ వచ్చాయి. పత్తి, చెరకు తోటలు సరిగ్గా ఆ ఒడ్డు మీదే వేశారు. 1970ల మొదట్లో కరువు వస్తే మందలు దిగడానికి చోటు లేదు. పశువులు పోయాయి, మనుషులూ పోయారు. కరువును డ్యామ్ తెచ్చిందని నేను అనను. తప్పించుకునే దారి మాత్రం తోటలే మూశాయి.

ఇక ఆ బంగారం. ఆ లోయలోని అమిబారాలో మురుగు కాలువలు సరిగా లేకుండా నీళ్లు పెట్టారు. భూగర్భ జలం పైకొచ్చి, ఉప్పు తేలి, పత్తి చేలు చవుడు బారాయి. వదిలేసిన పొలాలనూ మేత భూములనూ సర్కారు తుమ్మ కమ్మేసింది. అవును, మన చెరువు గట్ల మీది కంపచెట్టే. అక్కడా మంచికనే తెచ్చి నాటారు. ఫొటోలో పచ్చగానే కనిపిస్తుంది, కింద గడ్డి మొలవదు.

ఒకటి ఒప్పుకోవాలి. సాగునీరంటేనే అఫార్లకు గిట్టదని నేనూ చాలాకాలం అనుకున్నాను. తప్పు. లోయ దిగువన ఔస్సాలో అఫార్ల సుల్తాన్ అలీ మిరా హయాంలో అఫార్లే పత్తి వేశారు. లాభం ఎక్కువగా పెద్దలకే పోయినా, ఆ పొలాలు వాళ్లవే.

ఈసారి ఆ మెసేజ్ పంపేటప్పుడు ఇది కూడా కలిపి పంపండి.