చివరి పేజీలో మూపురం

నవల చేతికొస్తే నేను ముందు చివరి పేజీ చదువుతాను. ఎవరు పోయారో, ఎవరికి పెళ్లయిందో తేలితే గానీ మొదటి పేజీ మీద మనసు నిలవదు. నెల్లూరులో మా పుట్టింట్లో అందరికీ ఉన్న జబ్బే ఇది.

అత్తగారిల్లు ఒంగోలు. మా మామగారి స్నేహితుడొకాయన, రిటైరైన పశువుల డాక్టరు, ఒంగోలు జాతి పశువుల మీద పుస్తకం రాశారు. "మా కోడలు పుస్తకాల పురుగు, సభలో సమీక్ష అదే చేస్తుంది" అని మామగారు నన్నడక్కుండానే మాటిచ్చేశారు. నవలలు కాకుండా నేను శ్రద్ధగా చదివింది గ్యాస్ బుక్కు ఒక్కటే.

అలవాటు కొద్దీ చివరి పేజీ తీశాను. "మూపురం 14, 37, 92. మేత 51. మోకు 63." పదసూచికట. ఎవరూ పోలేదు, ఎవరికీ పెళ్లి కాలేదు.

సరే అని మొదటికొచ్చాను. గంగడోలు ఎంత వేలాడాలి, కొమ్ము ఎంత పొడుగుండాలి... సంభాషణ లేని పేజీలన్నీ దాటేశాను. అప్పుడొచ్చాడు నా హీరో. ఒంగోలు పక్కనే ఉన్న కరవది ఊరి పేరుతోనే పిలిచే గిత్త. 1960ల్లో బ్రెజిల్ పోయి, అక్కడి మందలకు మూలపురుషుల్లో ఒకడైంది. పుట్టిన ఊరు వదిలి సముద్రాలు దాటిందనేసరికి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆత్రంగా పేజీ తిప్పితే ఎండుగడ్డి, పచ్చిమేతల పట్టిక.

సభలో ఉన్నదున్నట్టే చదివాను. "నాయకుడి పాత్ర బాగా పండింది. తల్లిని వదిలి వెళ్లే ఘట్టం పెట్టి ఉంటే ఇంకా రక్తి కట్టేది. రెండో సగంలో గడ్డి ఎక్కువైంది." డాక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పెట్టుకుని, మళ్లీ తీసి తుడుచుకున్నారు.

అక్కడితో కూర్చుంటే పోయేది. "బ్రెజిల్లో ఈ పశువుల్ని నెలోర్ అంటారు. అంటే మా నెల్లూరే!" అన్నాను ఉత్సాహంగా.

"గిత్త మాది, పేరు మీదా?" అన్నారు వెనక వరసలోంచి.

"ఏందమ్మా, పుట్టింటి మీద అంత పక్షపాతమా?" అన్నారింకొకరు.

నా దగ్గర జవాబు లేదు. డాక్టరుగారే లేచారు. ఈ పశువులు మొదట బ్రెజిల్ చేరిన రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేదట. 1904లో గుంటూరు జిల్లాలోకి పోయిందట. 1970లో గానీ ఒంగోలుకి సొంత జిల్లా రాలేదట. పుట్టిల్లు, అత్తిల్లు, చివరికి వేరు కాపురం! ఇంత కథ ఉంటే నాకెందుకు కనపడలేదా అని పుస్తకం తిరగేస్తే, 12వ పేజీలోనే ఉంది. సంభాషణ లేదని దాటేసిన పేజీ.

ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో మామగారు చాలాసేపు మాట్లాడలేదు. పరువు తీశానని కోపమేమో అనుకుని నేనూ కిక్కురుమనలేదు. ఇల్లు దగ్గర పడ్డాక గొంతు తగ్గించి అడిగారు.

"ఇంతకీ ఆ గిత్త చివరికి ఏమైందమ్మా? నేనింకా పుస్తకం తెరవలేదు."