సవరణ: రక్తంలో ఆల్కహాల్ కనిపిస్తే పైలట్ తాగినట్టేనా?

అమెరికాలో చిన్న విమానాలు కూలి పైలట్లు మరణించిన ఘటనల గురించి మొన్న రాస్తూ, ‘పోస్ట్‌మార్టంలో ఆల్కహాల్ బయటపడిందంటే తాగి నడిపినట్టే’ అన్నాను. అది తప్పు. చనిపోయిన మనిషి మీద అంత మాట తేలిగ్గా అనేశానని బాధగా ఉంది.

మరణం తర్వాత శరీరం కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులే ఇథనాల్‌ను, అంటే మద్యంలో ఉండే ఆల్కహాల్‌నే, తయారుచేస్తాయి. శవం దొరకడం ఆలస్యమైనా, వేడికి ఉన్నా ఇది ఇంకా ఎక్కువ. అందుకే రక్తం ఒక్కటే చూసి తేల్చరు. కంటిగుడ్డు లోపల జిగురుగా ఉండే ద్రవాన్నీ, మూత్రాన్నీ కూడా పరీక్షిస్తారు. కంటి ద్రవం దాకా సూక్ష్మజీవులు అంత త్వరగా చేరవు. రక్తంలో ఆల్కహాల్ ఉండి కంటి ద్రవంలో బొత్తిగా లేకపోతే, అది తాగింది కాదని అనుమానించాల్సిందే.

ఇంకో పొరపాటు: ‘తాగాక 8 గంటలు ఆగితే చాలు’ అని రాశాను. చాలదు. అక్కడి నిబంధన ప్రకారం 8 గంటలు గడిచినా రక్తంలో ఆల్కహాల్ 0.04 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే విమానం నడపకూడదు. అంతకన్నా తక్కువే ఉన్నా మత్తు దిగకపోతే నడపకూడదు.

మందుల సంగతి అసలు ఎత్తనే లేదు, అదే పెద్ద లోటు. జలుబుకీ అలర్జీకీ డాక్టరు చీటీ లేకుండా దొరికే డైఫెన్‌హైడ్రమిన్ మాత్ర మగత తెస్తుంది. అది వేసుకుంటే 60 గంటలు ఆగాలని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ చెబుతోంది.

పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ తీసేశాను.