సాయంకాలం విచ్చుకోని పువ్వు

ఇంటర్మీడియట్‌లో వృక్షశాస్త్రం చదివినవారు మొక్క ముఖం చూడకపోయినా 'ఈవినింగ్ ప్రిమ్‌రోజ్' అన్న పేరును మాత్రం మరచిపోరు. డచ్చి శాస్త్రవేత్త హ్యూగో డీ వ్రీస్ 1886లో హిల్వర్సమ్ దగ్గర బీడుపడిన ఒక బంగాళదుంపల చేనులో ఈ ఈవినింగ్ ప్రిమ్‌రోజ్ రకమైన ఈనోథెరా లామార్కియానా మొక్కలను చూశాడనీ, వాటిలో ఉన్నట్టుండి పుట్టుకొచ్చిన కొత్త రూపాలను పట్టుకుని ఉత్పరివర్తన సిద్ధాంతాన్ని కట్టాడనీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న తరాలు మనవి. వరంగల్లు వైపు ఒక జూనియర్ కళాశాలలో పదవీ విరమణ చేసేవరకు ఆ పాఠాన్ని నల్లబల్ల మీద బొమ్మ గీసి మరీ చెప్పినవారు మా మామగారు. డీ వ్రీస్ చూసిన మార్పులలో చాలావాటికి కారణం క్రోమోజోముల అమరికలోని తిరకాసులేనని తరువాతివారు తేల్చిన సంగతిని కూడా ఆయన దాచకుండా చెప్పేవారు. చెప్పనిదల్లా ఒక్కటే: ఈవినింగ్ ప్రిమ్‌రోజ్ చేరిన ఓనగ్రేసీ కుటుంబంలో, వరిమళ్ళలో కలుపుగా మొలిచే లుడ్విజియాను తప్ప మరొకదాన్ని ఆయన కంటితో చూసి ఎరుగరు.

అటువంటి మనిషి ఏప్రిల్ నెలలో టెక్సాస్‌లో ఆస్టిన్ శివారులోని మా ఇంటికి వచ్చారు. ఆ కాలంలో అక్కడ రోడ్ల పక్కనా, కాలువ గట్లమీదా లేత గులాబీ రంగు పూలు చాపలు పరిచినట్టు పూస్తాయి. పొద్దున నడకకు వెళ్ళిన మామగారు ఫోను వాటికి ఎదురుగా పట్టగానే, అందులోని యాప్ 'పింక్ ఈవినింగ్ ప్రిమ్‌రోజ్, ఈనోథెరా స్పీషియోసా' అని చూపించింది. ఆయన యాప్ మాట విని ఊరుకునే మనిషి కారు. జేబులోంచి భూతద్దం తీసి, గట్టు మీద గొంతుక్కూర్చుని, నాలుగు ఆకర్షక పత్రాలు, ఎనిమిది కేసరాలు, కూడిక గుర్తులాగా నాలుగు పాయలుగా చీలిన కీలాగ్రం, పూవుకు దిగువన ఉన్న నిమ్న అండాశయం అంటూ హాజరుపట్టీ పిలిచినట్టు ఒక్కొక్క భాగాన్నీ పిలిచి, అన్నీ పలికాక లేచి నిలబడ్డారు.

"ఇదే, అల్లుడుగారూ! సాయంత్రం చీకటి పడుతుండగా ఇది కళ్ళముందే విచ్చుకుంటుంది. మన కాలనీలోని తెలుగువాళ్ళందరినీ పిలవండి."

అప్పటికి పొద్దున పది గంటలు. పూలన్నీ బారెడు విచ్చుకుని ఎండకాగుతున్నాయి. ఆ సంగతిని మా ఆవిడ ఎంతో మర్యాదగా ప్రస్తావించగా, "అవి రాత్రి పూసినవమ్మా, ముడుచుకోవడానికి బద్ధకిస్తున్నాయి" అని ఆయన సెలవిచ్చారు. ముప్పై నలభై మంది పిల్లల ముందు నిలబడి జీవితమంతా పాఠం చెప్పినవారి దగ్గర ప్రశ్న పుట్టకముందే జవాబు సిద్ధంగా ఉంటుంది కాబట్టి ఆమె కూడా పొడిగించలేదు.

సాయంత్రం గట్టు పక్కన మడత కుర్చీలు పరిచాము. నాలుగైదు కుటుంబాలవారు వచ్చారు. అత్తయ్యగారు మిరపకాయ బజ్జీలు వేసి పంపారు, తామూ వచ్చారు. నిశాచరులైన హాక్‌మాత్ అనే రెక్కల పురుగులు పొడుగాటి తొండంతో ఈ కుటుంబపు పూలలో మకరందం ఎలా పీలుస్తాయో మామగారు వివరిస్తున్నంతసేపూ వచ్చినవి దోమలే.

కాలక్షేపానికి ఆయన మా పొరుగింటి వాకిట్లో సన్నని కాడల చివర తెల్లగా ఊగుతున్న పూలను చూపి "అది గౌర" అన్నారు. అత్తయ్యగారి ముఖం విప్పారింది. "గౌరమ్మ పువ్వా? ముందే చెప్పరాదూ, బతుకమ్మకు తీసిపెట్టుకుందుము గదా." గౌర అంటే గౌరమ్మ కాదనీ, అదీ ఈ కుటుంబానిదేననీ, అయినా 2007లో వాగ్నర్, హాక్, రేవెన్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు కుటుంబమంతటినీ తిరగరాసి గౌర అనే ప్రజాతిని (జీనస్‌ను) ఎత్తివేసి ఈనోథెరాలో కలిపేశారనీ, అందువల్ల యాప్ దాన్ని ఈనోథెరా లిండ్‌హైమెరి అంటుందనీ ఆయన విడమరచి చెప్పారు. "ముగ్గురు మగవాళ్ళు కూర్చుని గౌరమ్మను ఎత్తేశారా?" అని ఆమె అడిగిన తీరుకు, ఆ ముగ్గురి తరఫున ఈయనే సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. నిజానికి ఈ విషయంలో ఆయనకూ బాధ ఉంది. బెంథామ్, హుకర్ల పాత వర్గీకరణలో ఇదే కుటుంబంలో ఉన్న, చెరువుల్లో కాయలు కాసే సింఘాడాను కూడా ఇప్పటివారు తీసుకుపోయి గోరింటాకు కుటుంబంలో చేర్చారు. "మేము చెప్పింది చెప్పినట్టు పిల్లలు రాస్తే ఇవాళ అందరూ తప్పుతారు" అని నిట్టూర్చారు.

సూర్యుడు కుంకాడు. అందరూ ఫోన్లు పైకెత్తి వీడియోకు సిద్ధమయ్యారు. అప్పుడు మొట్టమొదట కనిపెట్టింది బజ్జీ తింటున్న ఒక చిన్నపిల్ల. "తాతగారూ, ఇవి పడుకుంటున్నాయి" అన్నది. నిజమే. పొద్దుటినుంచీ కంచాల్లా విప్పారి ఉన్న పూలు అంచులు లోపలికి తిప్పుకుని మెత్తబడి వాలిపోతున్నాయి. తలలు కిందికి వేలాడేసుకున్న మొగ్గలలో ఒక్కటీ కదలడం లేదు. మామగారు భూతద్దంతో ఒక మొగ్గను అటూ ఇటూ తిప్పి చూసి "కొంచెం ఆలస్యంగా నడుస్తోంది" అన్నారు, కాజీపేట జంక్షన్‌లో రైలు గురించి చెప్పే ధోరణిలో.

ఈ గుంపును చూసి, కుక్కతో నడకకు వచ్చిన ఒక టెక్సాస్ పెద్దావిడ ఆగింది. సంగతి విని, "ఇవా? మా చిన్నప్పటినుంచీ వీటిని బటర్‌కప్‌లనే అంటాము, వాసన చూడండి" అని ఒక పువ్వు అందించింది. మామగారు ముక్కు దగ్గర పెట్టుకుని గాఢంగా పీల్చి తల ఎత్తేసరికి ముక్కు కొన పచ్చగా పసుపు పూసినట్టు మెరిసింది. ఇక్కడి పిల్లలు తరతరాలుగా ఒకరిమీద ఒకరు చేసుకునే ఆకతాయి పని అదేనట. ఆయన చలించలేదు. ఈ కుటుంబంలో పుప్పొడి రేణువులను విస్సిన్ అనే సన్నని జిగురు దారాలు గుచ్చి ఉంచుతాయనీ, అందువల్ల పుప్పొడి పొడిగా రాలక పోగులు పోగులుగా అంటుకుంటుందనీ, పురుగు ఒంటికి పట్టడానికి ప్రకృతి చేసిన ఏర్పాటిదనీ ఆ పచ్చని ముక్కుతోనే ఆయన ఉపన్యసించారు. వీడియో కోసం ఎత్తిన ఫోన్లు వృథా పోలేదు.

రాత్రి భోజనాలయ్యాక మా ఆవిడ వెతికి చదివి వినిపించింది. ఈ మొక్క అమెరికా ఉత్తరాదిన సాయంత్రం విచ్చుకుని పొద్దున ముడుచుకుంటుంది. మా వంటి దక్షిణాదిన పొద్దున విచ్చుకుని సాయంత్రం ముడుచుకుంటుంది. అంటే ఇక్కడ అది ఈవినింగ్ కాదు. అసలు ప్రిమ్‌రోజ్‌లది ప్రిమ్యులా కుటుంబం, దానితో చుట్టరికం లేదు కనుక ప్రిమ్‌రోజ్ కాదు. అసలు బటర్‌కప్‌ల ప్రజాతి అయిన రానంక్యులస్ కాదు కాబట్టి బటర్‌కప్ అసలే కాదు. మామగారు మాత్రం ఇందులో తన ఓటమిని చూడలేదు. "ఈ కుటుంబపు లక్షణమే అంత. మన వరిమళ్ళలోని లుడ్విజియా పెరెన్నిస్‌కు లిన్నేయస్ బహువార్షికమని పేరు పెట్టాడు, అది చూస్తే ఒక్క పంటకాలంలో పుట్టి పోయే ఏకవార్షికం" అని, డీ వ్రీస్ పక్కన లిన్నేయస్‌ను కూడా తన వరుసలో కూర్చోబెట్టుకుని నిద్రకు ఉపక్రమించారు.

ఆ తరువాత ఆయన నర్సరీలో వెతికి, పసుపుపచ్చని పెద్ద పూల ఈనోథెరా మాక్రోకార్పా కుండీ ఒకటి కొనితెచ్చారు. అది టెక్సాస్ సున్నపురాతి నేలల్లో పెరిగేదే, పొద్దు వాలాక విచ్చుకునేదే. ఈసారి పొరపాటుకు తావులేదని హామీ ఇస్తూ కాలనీవారికి మళ్ళీ వాట్సాప్‌లో ఆహ్వానం పంపగా, విచ్చుకుంటుందా లేదా అని ఒక్కరూ అడగలేదు. బజ్జీలు ఉంటాయా అనే అందరూ అడిగారు.