పురుగు కాయ లోపల, మందు కాయ పైన

బెండతోటలో పురుగు కనబడగానే కోతకు ముందు రోజు మందు కొట్టడం నాకు అస్సలు మింగుడుపడదు. కాయలోకి దూరిన పురుగుకు ఆ మందు సరిగా తగలనే తగలదు. మన కంచంలోకి మాత్రం వచ్చేస్తుంది.

మొవ్వు, కాయ తొలిచే ఈ పురుగు ఒక చిన్న రెక్కల పురుగు పిల్ల. ఆ రెక్కల పురుగు పేరు ఎరియాస్ విట్టెల్లా. రెక్కలు చాపితే రెండు, రెండున్నర సెంటీమీటర్లు. పాలిపోయిన ముందు రెక్కల మధ్యలో ఆకుపచ్చ పట్టీ ఉంటుంది. దాని దగ్గరి జాతి ఎరియాస్ ఇన్సులానాకైతే ముందు రెక్కలు మొత్తం పచ్చగానే ఉంటాయి. చూడముచ్చటైన పురుగులే, కానీ తిరిగేది రాత్రిపూట కాబట్టి రైతు కంట పడవు.

ఆడది లేత మొవ్వుల మీద, మొగ్గల మీద, పిందెల మీద ఒక్కో గుడ్డు విడివిడిగా పెడుతుంది. 3, 4 రోజుల్లో పిల్ల బయటికొచ్చి వెంటనే లోపలికి తొలుచుకుంటూ పోతుంది. మందుకు దొరికేది ఆ కాస్త సమయమే. ఆ తర్వాత దాదాపు రెండు వారాలు లోపలే తింటూ, పెట్టిన రంధ్రాన్ని తన పెంటతోనే మూసేస్తుంది. ఎదిగాక బయటికొచ్చి మొక్క మీదో, రాలిన ఆకుల్లోనో పడవ ఆకారంలో పట్టుగూడు కట్టుకుంటుంది. మరో వారం పది రోజులకు రెక్కల పురుగై ఎగిరిపోతుంది.

పైరు చిన్నగా ఉన్నప్పుడే ఇది తన జాడ చెప్తుంది. పక్క మొక్కలన్నీ నిటారుగా ఉండగా ఒక మొక్క మొవ్వు మాత్రం వాడి వేలాడుతుంది. నీళ్లు చాలలేదనుకుని వదిలేస్తారు. ఆ మొవ్వును తుంచి నిలువునా చీల్చి చూడండి, గోధుమ రంగు ఒంటి మీద మచ్చలతో పురుగు అందులోనే ఉంటుంది. అప్పుడే తుంచి నాశనం చేసి, 5 శాతం వేపగింజల కషాయం కొట్టి, మగ రెక్కల పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టుకుంటే కాయ దశకు ఉధృతి చాలా తగ్గుతుంది. కూలీల ఖర్చు ఉంది, కాదనను.

రైతునొక్కడినే తప్పుపట్టడం అన్యాయం. బెండ రోజు మార్చి రోజు కోయాల్సిన పంట. మందు కొట్టాక ఇన్ని రోజులు ఆగాలని డబ్బా మీద రాసినా, కాయ ముదిరిపోతే కొనేదెవరు? నాలుగు పుచ్చిన కాయలు కనిపిస్తే మొత్తం బుట్టకే ధర కోసేస్తారు. ఆ టెన్షన్‌లో స్ప్రేయర్ భుజానికెత్తుతాడు. పుచ్చిన ముక్క కోసి పారేసి మిగతాది వండుకోవడానికి మనకేం అడ్డం?

రైతులకూ ఒక మాట. కాపు అయిపోయిన బెండ, పత్తి మోళ్లను పొలంలో అలాగే వదిలేయకండి. గట్ల మీద పెరిగే తుత్తురుబెండ కలుపు మొక్కల్ని కూడా పీకేయండి. మీ పంట లేని రోజుల్లో ఈ పురుగు బతికేది వాటి మీదే.