ఉరుము ఉరిమితేనే స్వామీజీ

రాత్రి ఏడున్నరకి మా తిరుపతి బైరాగిపట్టెడలో ఏ ఇంట్లో దూరినా ఒకటే సౌండు. ఢాం. ఢాం. ఢాం. దీపావళి కాదు, సీరియల్లో స్వామీజీ కళ్ళు తెరిచినాడు.

కథ మీకు తెలిసిందే, చూడకపోయినా తెలిసిందే. పెద్ద కుటుంబం, హాల్లోకి రెండు వైపుల నుంచి మెట్లు, చిన్నకోడలు ఏదో ఆశ్రమంలో చేరింది, ఇంట్లో ఎవుర్నీ గుర్తుపట్టదు, తాళి తీసి హుండీలో వేసేదానికి కూడా రెడీ. ఎందుకట్లయింది అంటే తీర్థంలో స్వామీజీ ఆకు పసరు కలిపినాడంట. అంతే. రెండు చుక్కలు తాగింది, బీకాం చదివిన బిడ్డ బొమ్మైపోయింది. విరుగుడేమో పెద్దకోడలు ఉపవాసముండి ఇచ్చే హారతి.

ఆ హారతి గురించి చెప్పాల్సిందే. సోమవారం కర్పూరం వెలిగించింది, స్వామీజీ ఉఫ్ అని ఊదినాడు. ఆరలేదు, ఊదినాడంతే, ఆ గాలి ఇంకా దార్లో ఉంది. ఈలోపల అత్త మొహం, మామ మొహం, ఆడబిడ్డ మొహం, తోటమాలి మొహం (తోట లేదు ఆ ఇంటికి, మాలి ఉండాడు), ఒక్కో మొహం మూడేసి సార్లు, ఒకసారి రంగుల్లో, ఒకసారి బ్లాక్ అండ్ వైట్లో, ఒకసారి బావిలోంచి చూసినట్టు. మంగళవారం గాలి మంట దగ్గరికొచ్చింది, వచ్చి ఆగింది, ఎందుకంటే పెద్దకోడలికి పెళ్ళి చూపులు గుర్తొచ్చినాయి. బుధవారం మంట వంగింది. గురువారం ఏదో అవార్డు ఫంక్షన్ వేసినారు. శుక్రవారం మంట మళ్ళీ లేచి నిలబడింది. మా వీధిలోనుంచి ఒక మనిషి బయల్దేరి, అలిపిరిలో టెంకాయ కొట్టి, 3,550 మెట్లెక్కి, కంపార్ట్‌మెంట్లో కూర్చోని, దర్శనమై, లడ్డు తీసుకోని దిగి వచ్చినా ఆ బిళ్ళ వెలగతానే ఉంటుంది. ఒక్క కర్పూరం బిళ్ళ, అయిదు రోజులు! కంపెనీ పేరు చెప్తే మేమూ కొంటాం కదబ్బా.

ఇంక ఆ స్వామీజీ వాలకం. నల్ల శాలువా, కళ్ళకి కాటుక, మెళ్ళో నిమ్మకాయల దండ, యాడికిపోయినా వెనకాలే పొగ, కార్లో కూర్చున్నా పొగ. నేనడిగేది ఒకటే. ఇట్లాంటి మనిషి లీలామహల్ సర్కిల్లో నిలబడితే ఆటోవాడు ఆపుతాడా? ఆధార్ కార్డు చూపించినా లాడ్జీలో రూమివ్వరే, ఇతనికి వేలమంది భక్తులు ఎట్ల దొరికినారు?

ధ్యానం సెంటరు తరఫున మా చిన్నమ్మ దగ్గరికొచ్చినామె నేత చీర కట్టుకోనుంది. చేతిలో టిఫిన్ క్యారియరు. చిన్నాయన పోయి ఆరు నెలలప్పుడు. "మోకాలు నొప్పి తగ్గిందామ్మా?" అనింది. ఆ మాట అంతవరకు మా ఇంట్లో ఒక్కరు అడగలే. నేనూ అడగలే. తర్వాత శుక్రవారం భజన, తర్వాత వాట్సాప్ గ్రూపు, తర్వాత తెల్లారి నాలుక్కి ఫోన్లో ధ్యానం, తర్వాత "ఇయన్నీ మీ ఇంట్లోవాళ్ళకి అర్థం కావు లేమ్మా, చెప్పబాకండి" అని ఒక మాట, ఆ మాట తర్వాత మాతో మాటలు తగ్గినాయి. మొదట సేవకని 500. రెండో ఏడు చేతి గాజులు. పసరూ లేదు, పొగా లేదు, ఇద్దరూ కూర్చోని కాఫీ తాగేవాళ్ళు. ఆ రెండేళ్ళూ సరిగ్గా ఏడున్నరకి మేమందరం హాల్లో చేరి టీవీలో స్వామీజీని బండబూతులు తిడతా ఉన్నాం, చిన్నమ్మ వంటింట్లో గ్యాస్ బండ పక్కన పీట వేసుకోని ఫోను చెవికి పెట్టుకోనుండేది. ఒకరోజు వచ్చి "కొంచెం సౌండు తగ్గించండి నైనా, వినపడ్డం లే" అనింది. మేం పెంచినాం.

సరే, బ్రేక్. గంటకి 12 నిమిషాలకి మించి ప్రకటనలు వేయకూడదని రూలుంది, ఆ 12 నిమిషాల్లో ఏం వేస్తారనుకున్నారు? ధనాకర్షణ యంత్రం. ఇంట్లో తగిలిస్తే అప్పులు తీరతాయి, కొరియర్ ఖర్చు వాళ్ళదే. దొంగస్వామిని నమ్మొద్దని ఏడున్నరకి ఏడిపించే చానలే పొద్దున ఎనిమిదికి ఇంకో స్వామిని కూర్చోబెట్టి ఏ రాశోళ్ళు ఏ రాయి పెట్టుకోవాల్నో చెప్పిస్తాది. ఆయన వెనకాల ఉరుముల్లేవు, వీణ. ఇట్లాంటి యంత్రాల ప్రకటనలు టీవీలో వేయడం చట్టవిరుద్ధం అని 2021 జనవరిలో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచి తేల్చింది, మహారాష్ట్రలో 2013 నుంచి మంత్రతంత్రాల మోసాల మీద చట్టముంది కాబట్టి. కర్ణాటక కూడా 2017లో చేసుకుంది. మన దగ్గర సైన్సు ప్రచారం చేసే జనవిజ్ఞాన వేదిక వాళ్ళు ఇట్లాంటి చట్టం కావాలని అడగతానే ఉండారు.

అదే 2021 జనవరి. మదనపల్లె. అప్పటికది మన చిత్తూరు జిల్లానే. కన్న తల్లీతండ్రీ ఇద్దరు ఎదిగిన కూతుళ్ళని చంపేసినారు, మళ్ళీ బతికి లేస్తారని. ఆ తల్లీతండ్రీ ఇద్దరూ పిల్లకాయలకి చదువు చెప్పేవాళ్ళు. ఎవుడు పసరు కలిపినాడు వాళ్ళకి? ఏ పొగలోనుంచి ఎవుడొచ్చినాడు? ఆ ఇంటి బయట మైకులు పట్టుకోని నిలబడినారు కదా, ఆ వార్తకి కూడా అదే ఢాం ఢాం కొట్టినారు కదా, సిగ్గులేదా మీకు? రెండు ప్రాణాలు పోయినాయిరా! పడుకున్న ఆడబిడ్డల మొహాలు కాదురా జూమ్ చేయాల్సింది. నెల తిరక్కముందే ఆ స్లాట్లో మళ్ళీ నిమ్మకాయల దండ.

పోయిన శనివారం చిన్నమ్మ ఇంటికొచ్చింది. ఇప్పుడు వాళ్ళ సెంటరు పక్కనే రూము తీసుకోని ఉంటాది, తిరుచానూరు రోడ్డులోని ప్లాటు కాగితాల మీద మా నాయన సంతకం కావాలని వచ్చింది. ఎవురికి రాస్తావుండావు అని ఆయన అడగలే, ఆమె చెప్పలే. అమ్మ కాఫీ ఇచ్చింది. టీవీ నడస్తా ఉంది, ఎట్టకేలకి హారతి పనిచేసి చిన్నకోడలు "నేనెక్కడున్నాను?" అనింది, అందరి మొహాలూ మూడేసి సార్లు. చిన్నమ్మ గ్లాసు కింద పెట్టి, చీర కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఛీ, ఇట్లాంటి దొంగనాయాళ్ళని ఎట్ల నమ్ముతారో ఈ జనం" అనింది.

ఎనిమిదికి ధ్యానముందని ఆటో పిలిపించుకోని వెళ్ళిపోయింది.