సవరణ: కొబ్బరిచెట్టు మీద నుంచి పడినవారి వెన్ను గురించి

ఉద్దానంలో కొబ్బరిచెట్ల మీద నుంచి పడేవారి గురించి రాసిన గత పోస్టులో ‘ఎక్స్‌రే బాగుంటే వెన్నుకు భయం లేదు’ అన్న వాక్యాన్ని తీసేశాను. ఛాతీ వెనుక ఉండే 12 పూసల్లో పైవాటిని భుజాలు కప్పేస్తాయి. పక్క నుంచి తీసిన ఫిల్ములో అవి సరిగా కనబడవు. ఎముక విరిగిందో లేదో బాగా తేలేది సీటీ స్కాన్‌లో. కాళ్లలో తిమ్మిరి, బలహీనత, మూత్రం రాకపోవడం ఉంటే వెన్నుపామును, పూసలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్లను చూడటానికి ఎమ్మారై కావాలి. మడమ విరిగిందని కట్టు కట్టి ఇంటికి పంపేస్తుంటారు. కాళ్ల మీద పడిన మనిషికి ఆ అదురు పైకి పాకి ఛాతీ పూసలు, నడుము పూసలు కలిసే చోట దెబ్బ తీయవచ్చు. అక్కడా చూడాల్సిందే.

పూస విరిగితే ‘ఆపరేషన్ తప్పదు’ అన్నది అందరికీ వర్తించదు. పూస నిలకడగా ఉండి, నరాలు బాగుంటే చాలామందికి నొప్పి మందులు, అవసరమైతే వెన్ను కదలకుండా కట్టే పట్టీ (బ్రేసు) సరిపోతాయి. పూస జారితేనో, వెన్నుపాము నొక్కుకుపోతేనో సాధారణంగా స్క్రూలు, రాడ్లు వేస్తారు.

పడిన మనిషిని ఆటోలో కూర్చోబెట్టి పలాస తీసుకెళ్లవచ్చా అని కొందరు అడిగారు. వద్దు, 108కి ఫోను చేయండి. వాంతి వచ్చి పక్కకు తిప్పాల్సి వస్తే తల, భుజాలు, తుంటి మెలిపడకుండా నలుగురు కలిసి ఒకేసారి, దుంగను దొర్లించినట్లు తిప్పాలి.