మికియో మెతకదనం ఒక్కటే కాదు

జపాన్ దర్శకుడు కోజి ఫుకాదా తీసిన 'హాస్పిటాలిటే' (2010) సినిమాలో ప్రింటింగ్ ప్రెస్ ఓనరు మికియో మెతకవాడు కాబట్టే ఇల్లు కగావా అనే బయటివాడి చేతుల్లోకి జారిందని ఒక వ్యాసంలో రాశారు. నేనొప్పుకోను. కగావా ఎక్కడా దౌర్జన్యం చేయడు. తప్పిపోయిన పెంపుడు చిలుక కబురుతో గడప తొక్కుతాడు. పనివాడు జబ్బుపడగానే ఆ పనిలో చేరతాడు, అక్కడే మకాం పెడతాడు, ఆనక భార్యంటూ అన్నాబెల్‌ను దించుతాడు. ఈలోగా మికియో గుట్టు, అతని భార్య నత్సుకి గుట్టు రెండూ కగావా గుప్పిట్లోకి వస్తాయి. ఒకరికి తెలియకూడదని ఇంకొకరు నోరు మెదపరు. అసలు కిటుకంతా అక్కడే ఉంది! పైగా ప్రెస్సూ కాపురమూ ఒకే కప్పు కింద. పనిలోకి వచ్చినవాడు వంటింటిదాకా రావడానికి అడ్డేముంది?

ఫుకాదాదే మరో సినిమా 'హార్మోనియం' (2016) కూడా చూడండి. ఇక్కడ కగావాగా చేసిన నటుడు కంజి ఫురుతాచి అందులో ఇంటి యజమాని.